సింగ్ నగర్ ఇంట్లో పద్నాలుగు నెలల లాటిస్ లెక్క: నా అనుభవం

మా గైడ్ గారు ఫోన్‌లో సమస్య చెప్పింది 2024 జనవరి 29, సోమవారం. నేను ఆయనకు చివరి గ్రాఫు పంపింది 2025 మార్చి 28, శుక్రవారం. మధ్యలో పద్నాలుగు నెలలు. అందులో కంప్యూటర్ నిజంగా పనికొచ్చే లెక్క చేసింది ఆరు నెలలు కూడా ఉండదు. మిగతాదంతా ఎక్కడికి పోయిందో రాస్తాను. ఇలాంటి పని ఇంట్లో కూర్చుని చేయగలమా అని ఈ మధ్య ఇద్దరు పిల్లలు అడిగారు. వాళ్ల కోసమే ఇది.

నేను విజయవాడలో ఇంటర్ విద్యార్థులకు ఫిజిక్స్ చెబుతాను. పీహెచ్‌డీ పార్ట్‌టైమ్. గైడ్ గారు వేరే రాష్ట్రంలో ఉంటారు, మా మాటలన్నీ ఆదివారం సాయంత్రం ఫోన్‌లోనే. ఇల్లు అజిత్ సింగ్ నగర్‌లో, కింది పోర్షన్. మా ఆయన ఆటోనగర్‌లో లారీ బాడీల షెడ్డులో పని చేస్తారు. అత్తయ్య, రెండో తరగతి చదివే మా పాప ఉంటారు.

సమస్య ఇది. ఎస్‌యూ(2) గేజ్ థియరీ, అంటే కణాల మధ్య పనిచేసే బలాన్ని వర్ణించే ఒక సిద్ధాంతం. అందులో ద్రవ్యరాశి లేని ఫెర్మియాన్లు (ఎలక్ట్రాన్ లాంటి పదార్థ కణాలు) 8 ఫ్లేవర్లు, అంటే 8 రకాలు. దానికి నాలుగు ఫెర్మియాన్లు ఒకే చోట కలుసుకునే పదం ఒకటి జోడించాలి. ఆ పదం బలం పెంచుకుంటూ పోతే ఫెర్మియాన్లకు ద్రవ్యరాశి ఎక్కడ పుడుతుందో చూడాలి. గేజ్ బలం లేకుండా ఇలా ద్రవ్యరాశి పుడుతుందని 1961లో నంబూ, జోనా-లాసినియో అనే శాస్త్రవేత్తలు చూపించారు. బలం ఒక హద్దు దాటితేనే పుడుతుంది. గేజ్ బలం తోడైతే ఆ హద్దు కిందికి దిగాలి. ఈ లెక్క లాటిస్ మీద చేస్తాం, అంటే స్థలాన్ని, కాలాన్ని సమానమైన గడులుగా విడగొట్టిన బిందువుల జాలం మీద. నేను తేల్చాల్సింది రెండు విషయాలు. హద్దు నిజంగా దిగుతుందా? హద్దు దగ్గర మార్పు మెల్లగా వస్తుందా, ఒక్కసారిగా దూకుతుందా?

గైడ్ గారు ఆ రోజే ఒక మాట అన్నారు: "అమ్మా, దూకినట్టు కనిపిస్తే వెంటనే సంతోషపడకు. ముందు నీ ప్రోగ్రామ్‌ను అనుమానించు. తర్వాత లాటిస్‌ను అనుమానించు. ఆ తర్వాతే ప్రకృతి." నోట్‌బుక్ మొదటి పేజీలో రాసుకున్నాను. రాసుకున్నంత మాత్రాన పాటించినట్టు కాదని సెప్టెంబరులో తెలిసింది.

ముందు ఖర్చు. కంప్యూటర్ విడిభాగాలు విడివిడిగా కొని, మా ఆయన స్నేహితుడి చేత బిగించుకున్నాం. 16 కోర్ల ప్రాసెసర్, 32 జీబీ మెమరీ, మంచి కూలర్ అన్నీ కలిపి 78,000 అయింది. యూపీఎస్ 6,500. ఇంట్లో ఇన్వర్టర్ ఉంది కానీ ఫ్యాన్లు, లైట్ల వరకే అది ఆగుతుంది. కంప్యూటర్ పూర్తి లోడు మీద 180 వాట్ల దాకా తీసుకుంటుంది. రోజంతా నడిస్తే నెలకు దాదాపు 130 యూనిట్లు. కరెంటు బిల్లు శ్లాబు మారిపోయి నెలకు వెయ్యి రూపాయల పైనే పెరిగింది. ఈ సంగతి నాకు ముందు తట్టలేదు. మొదటి బిల్లు చూసి అత్తయ్య ఏమీ అనలేదు, కానీ ఆ నెల నుంచి గీజర్ వేసుకోవడం మానేశారు. ఆమెకు నేను చేస్తున్నది అర్థం కాకపోయినా అది ఆగకూడదని మాత్రం అర్థమైంది. నాకు అప్పటి నుంచి ప్రతి రన్నూ ఆమె చన్నీళ్ల స్నానంతో లెక్క.

ఫిబ్రవరి మొత్తం ఫెర్మియాన్లు లేకుండా ఉత్త గేజ్ ఫీల్డు మీదే గడిచింది. ఇది వృథా అనిపిస్తుంది, కాదు. ఉత్త ఎస్‌యూ(2)కి జవాబులు తెలుసు. బీటా అంటే గేజ్ బలం తగ్గేకొద్దీ పెరిగే అంకె. ప్లాకెట్ అంటే లాటిస్‌లో అతి చిన్న చతురస్రం చుట్టూ కొలిచే విలువ. బీటా విలువ చిన్నదిగా, 0.4 పెడితే ప్లాకెట్ సగటు బీటాలో నాలుగో వంతు, అంటే 0.1కి కాస్త తక్కువ రావాలి. బీటా 2.3 దగ్గర 0.603 రావాలి. నాకు మొదటి విలువ రెండు రోజుల్లో వచ్చింది. రెండోది 0.603కి చేరడానికి తొమ్మిది రోజులు పట్టింది, ఎందుకంటే లాటిస్ అంచు దాటి తిరిగి ఇవతలి వైపు వచ్చే చోట ఒక దిశలో పొరుగు బిందువు తప్పుగా రాశాను. బీటా చిన్నగా ఉన్నప్పుడు పొరుగువాడెవరైనా పెద్ద తేడా పడదు, అందుకే మొదటి పరీక్ష పట్టుకోలేకపోయింది. ఒక పరీక్ష సరిపోదని అప్పుడే తెలిసింది. ఫిబ్రవరి 24 రాత్రి ఒంటిగంటకు స్క్రీన్ మీద 0.603 అని చూసినప్పుడు పడుకున్న ఆయన్ని లేపి మరీ చెప్పాను.

మార్చిలో ఇంటర్ పబ్లిక్ పరీక్షలు, ఆ వెంటనే స్పాట్ వాల్యుయేషన్. రోజంతా పేపర్లు దిద్ది ఇంటికొస్తే కళ్లు తెరవబుద్ధయ్యేది కాదు. ఆ నెలలో ఒక్క లైను కూడా రాయలేదు.

ఏప్రిల్‌లో ఫెర్మియాన్లు పెట్టాను, వాటిని లాటిస్ మీద పరిచే స్టాగర్డ్ అనే పద్ధతిలో. నాలుగు ఫెర్మియాన్ల పదాన్ని కంప్యూటర్‌కు అలాగే ఇవ్వలేం. దాన్ని విడదీసి, ప్రతి గడికీ సిగ్మా, పై అనే రెండు సహాయక ఫీల్డులు తగిలించాలి. ఫెర్మియాన్లు నేరుగా ఒకదాన్నొకటి తాకకుండా ఈ రెండు ఫీల్డుల ద్వారా మాట్లాడుకుంటాయి. ఈ ఫీల్డులు లాటిస్ బిందువుల మీద కాకుండా గడుల మధ్యలో కూర్చుంటాయి. ఒక్కో బిందువు తన చుట్టూ ఉన్న 16 గడుల సగటును చూస్తుంది. పై ఫీల్డు ముందు మాత్రం సరి బిందువుకు ప్లస్, బేసి బిందువుకు మైనస్ వస్తుంది. ఈ ప్లస్ మైనస్ గుర్తుపెట్టుకోండి, నా మూడు వారాలు తిన్నది అదే.

పద్ధతి హైబ్రిడ్ మాంటే కార్లో. 1987 నుంచి ఈ రంగంలో అందరూ వాడేదే. ఫీల్డులకు ర్యాండమ్‌గా వేగాలు ఇచ్చి, కాసేపు న్యూటన్ నియమాల్లాంటి సమీకరణాల మీద చిన్న చిన్న అడుగులతో నడిపించి, చివర్లో మొత్తం శక్తి ఎంత మారిందో చూసి, ఆ కొత్త స్థితిని ఒప్పుకోవాలా వద్దా అని నిర్ణయించడం. ఇదంతా కలిపి ఒక చక్రం. శక్తి పెద్దగా మారకపోతే ఎక్కువసార్లు ఒప్పుకుంటుంది. పదిలో ఏడెనిమిది ఒప్పుకుంటే బాగా నడుస్తున్నట్టు.

మే 18న మొదటిసారి మొత్తం కలిపి 8×8×8×8 లాటిస్ మీద నడిపాను. పదిలో ఏడు ఒప్పుకుంది. నాలుగు ఫెర్మియాన్ల బలం పెంచాను. ఐదుకు పడింది. ఇంకా పెంచాను. మూడుకు పడింది. నేను ఏమనుకున్నానంటే, హద్దు దగ్గరికి వస్తున్నాం కాబట్టి ఇది సహజం అనుకున్నాను. హద్దు దగ్గర లెక్కలు నెమ్మదిస్తాయని అన్ని పుస్తకాల్లో ఉంటుంది కదా. చదువుకున్న మాటే నా తప్పును కప్పేసింది. ఒప్పుకునే శాతం పెంచడానికి అడుగు సైజు తగ్గించాను, దాంతో ఒక్కో చక్రానికి పట్టే సమయం 9 సెకన్ల నుంచి 40 సెకన్లకు పెరిగింది. అదే సమయంలో రోహిణి కార్తె. పగలు ముందు గదిలో ఊపిరాడని వేడి. ప్రాసెసర్ 95 డిగ్రీలు చూపించి తనంతట తానే వేగం తగ్గించుకునేది. పగలు ఆపేసి, రాత్రి తొమ్మిది నుంచి పొద్దున ఏడు దాకా మాత్రమే నడిపాను. మూడు వారాల్లో చేతికొచ్చింది రెండు బలాల దగ్గర కొలతలు, అవీ అరకొరగా.

జూన్ 9, ఆదివారం ఫోన్‌లో గైడ్ గారు అడిగిన మొదటి ప్రశ్న: "అడుగు సగం చేస్తే శక్తి తేడా ఎన్నో వంతు అవుతోంది?" నాలుగో వంతు కావాలి. నేను ఎప్పుడూ చూడలేదు. ఫోన్ పెట్టేసి అరగంటలో చూశాను. నాలుగో వంతు కాదు, సగం కూడా కాలేదు, ఒక చోట ఆగిపోయి ఇంక తగ్గనంది. అంటే నేను వాడుతున్న బలం (ఇక్కడ ఫీల్డులను నడిపించే ఫోర్స్, నాలుగు ఫెర్మియాన్ల బలం కాదు) ఆ శక్తికి చెందిన బలం కాదు. వరండాలో కూర్చుని ఆ పదాన్ని మళ్లీ చేత్తో డెరైవ్ చేశాను, పెన్సిల్‌తో, పదకొండు పేజీలు. తెల్లవారుజామున దొరికింది. శక్తి లెక్కలో పై ఫీల్డుకు సరి బేసి గుర్తు పెట్టాను. బలం లెక్కలో పెట్టలేదు. ఒక్క గుణకారం. పెట్టగానే నాలుగో వంతు వచ్చింది, ఒప్పుకోవడం పదికి ఎనిమిదికి ఎక్కింది, చక్రం మళ్లీ 9 సెకన్లకు దిగింది.

నాకు ఏడుపొచ్చింది. మూడు వారాల లెక్క మొత్తం తప్పని గైడ్ గారికి మెసేజ్ పెట్టాను. ఆయన వెంటనే ఫోన్ చేశారు. "తప్పు కాదమ్మా. ఆలోచించు." బలం తప్పైనా, ముందుకు నడిచిన దారినే వెనక్కి నడవగలిగితే, చివర్లో ఒప్పుకునే నిర్ణయం సరైన శక్తితో చేస్తే, వచ్చే జవాబు సరైనదే. తప్పు బలం వల్ల పోయేది సమయం మాత్రమే. అది నిజమని నాకు నేనే రుజువు చేసుకోవడానికి ఇంకో రెండు రోజులు పట్టింది. సరిచేసిన ప్రోగ్రామ్‌తో అవే రెండు బిందువులు మళ్లీ నడిపితే పాత విలువలే, ఎర్రర్ బార్‌లోపలే వచ్చాయి. ఆ పద్ధతి కనిపెట్టినవాళ్ల మీద నాకు అప్పుడు కలిగిన గౌరవం ఇంతా అంతా కాదు. మనిషి చేసే తప్పును ముందే ఊహించి, దానికి చోటిచ్చి మరీ కట్టినట్టుంది.

జూన్ చివర్లో ఇంకో వింత. బలం బాగా ఎక్కువ చేసిన చోట కచ్చితంగా ద్రవ్యరాశి పుట్టి ఉండాలి, కానీ సిగ్మా సగటు సున్నా వస్తోంది. రెండు వేల చక్రాల తర్వాత కూడా సున్నానే. మళ్లీ ప్రోగ్రామ్ మీద పడ్డాను, ఈసారి తప్పు దొరకలేదు. విసిగి, ప్రతి చక్రానికీ సిగ్మాను అడ్డంగా, పైని నిలువుగా పెట్టి చుక్కలు గీశాను. బలం తక్కువ ఉన్న చోట మధ్యలో ఒక ముద్దలా వచ్చింది. బలం ఎక్కువ ఉన్న చోట మధ్యలో ఖాళీ, చుట్టూ వలయం. పక్కన హోంవర్క్ చేసుకుంటున్న పాప చూసి "అమ్మా, గారె" అంది. గారే. ఫెర్మియాన్‌కు నేను విడిగా ద్రవ్యరాశి ఇవ్వలేదు కాబట్టి సిగ్మా, పై రెండూ సమానమే. ఏ దిక్కుకు వాలాలో చెప్పేవాళ్లు లేరు. ఇంత చిన్న లాటిస్‌లో ఆ వాలిన దిక్కు మెల్లగా చుట్టూ తిరుగుతూనే ఉంటుంది, సగటు చేస్తే సున్నా. కొలవాల్సింది సిగ్మాను కాదు, మధ్య నుంచి ఎంత దూరమో దాన్ని. ఈ సంగతి వ్యాసాల్లో ఒక్క వాక్యంలో రాసి ముందుకు పోతారు. ఆ వాక్యం నేను ముందే చదివాను కూడా. కానీ గారె చూశాకే అర్థమైంది.

ఇంకొకటి కూడా ముందు ఎవరూ చెప్పలేదు. బలం ఎక్కువ వైపు లెక్క వేగంగా నడుస్తుంది, తక్కువ వైపు నత్తనడక. నేను ఉల్టా ఊహించాను. ఫెర్మియాన్‌కు ద్రవ్యరాశి పుట్టాక ఫెర్మియాన్ల మ్యాట్రిక్సును తిరగేయడం (ఇన్వర్స్ కనుక్కోవడం) సులువవుతుంది, అదీ కారణం. సమయం అంచనా వేసుకునేటప్పుడు దీన్ని లెక్కలో పెట్టుకోండి.

జులై, ఆగస్టు నెలలు నా జీవితంలో చాలా సంతోషంగా గడిచిన రోజులు. గేజ్ ఫీల్డు ఆపేసి ఒక వరస, గేజ్ ఫీల్డుతో ఒక వరస, ఒక్కోదానిలో పన్నెండు బలాలు. ప్రతి బలం దగ్గరా రెండు రన్నులు: ఒకటి అంతా సర్దిపెట్టిన స్థితి నుంచి, ఇంకొకటి అంతా చెదిరిన స్థితి నుంచి. రెండూ ఒకే విలువకు చేరితే మార్పు మెల్లనిది. చేరకపోతే దూకుడు ఉండొచ్చు. పొద్దున కాలేజీకి వెళ్లేముందు లాగ్ ఫైలు చూడటం, సాయంత్రం రాగానే చెప్పులు విప్పకుండానే చూడటం. గేజ్ ఫీల్డుతో హద్దు కిందికి దిగింది, స్పష్టంగా. ఆగస్టు 20 నాటికి ఇంకో విషయం కూడా కనిపించింది. ఒక బలం దగ్గర రెండు రన్నులు కలవలేదు. మూడు వేల చక్రాలైనా కలవలేదు. మధ్యలో ఖాళీ అలాగే ఉంది.

దూకుడు. నేను చూస్తున్నది దూకుడు అనుకున్నాను. గైడ్ గారి మాట గుర్తుంది, పరీక్షలన్నీ మళ్లీ చేశాను. అడుగు సగం చేస్తే నాలుగో వంతు, వెనక్కి నడిపితే మొదటికే వచ్చింది, ప్లాకెట్ సరిగ్గానే ఉంది. అన్నీ పాసయ్యాయి. ఆ గ్రాఫు ప్రింటు తీయించి బీరువా తలుపు లోపలి వైపు అంటించుకున్నాను. ఎవరికీ చూపించలేదు, బట్టలు తీసుకునేటప్పుడల్లా నేను మాత్రం చూసుకునేదాన్ని.

ఆగస్టు 31, శనివారం వాన ఆగలేదు. సెప్టెంబరు 1 పొద్దున ఐదింటికి వీధిలో చీలమండల దాకా నీళ్లు. మా దగ్గర వానాకాలం అది మామూలే, ఎవరూ కంగారు పడలేదు. ఏడింటికి గడప దాటి లోపలికి వచ్చాయి. నల్లటి నీళ్లు, చల్లగా, ఒక్కొక్క నిమిషానికీ పెరుగుతున్నాయి. బుడమేరు అని వీధిలో ఎవరో అరిచారు. ఆయన ముందు పాపను, అత్తయ్యను పైన ఇంటి ఓనరు వాళ్ల దగ్గరికి ఎక్కించారు. దిగి వచ్చి, నేను బియ్యం బస్తా లాగుతుంటే, "అది వదిలెయ్, నీ డబ్బా ఎలా విప్పాలో చెప్పు" అన్నారు. వైర్లు పీకి, క్యాబినెట్ భుజం మీద పెట్టుకుని మెట్లెక్కారు. యూపీఎస్ రెండో విడతలో. మూడో విడతకి నడుం లోతు. ఫ్రిజ్, వాషింగ్ మెషీన్, మంచాలు, బీరువా, పాప పుస్తకాలు కిందే ఉండిపోయాయి.

మూడు రోజులు మేడ మీద ఎనిమిది మందిమి. కరెంటు లేదు, తాగే నీళ్లు లేవు. రెండో రోజు డ్రోన్ ఒకటి మేడ మీద పులిహోర పొట్లాలు దింపి పోయింది. సెప్టెంబరు 2న ప్రకాశం బ్యారేజీ దగ్గర 11 లక్షల క్యూసెక్కులు దాటాయని ఓనరు గారి రేడియోలో విన్నాం. ఆ మూడు రోజుల్లో లాటిస్ నా మనసులోకే రాలేదు. నాలుగో రోజు పడవలో ఫ్లైఓవర్ దాకా, అక్కడి నుంచి పటమటలో ఆడపడుచు ఇంటికి. క్యాబినెట్ పైనే ఉండిపోయింది.

నీళ్లు తీసి, ఫైరింజన్లు వచ్చి బురద కడిగి, మేం ఇంట్లో మళ్లీ వంట చేసుకునేసరికి సెప్టెంబరు మూడో వారం. కింది అంతస్తు ఇళ్లకు ప్రభుత్వం ఇచ్చిన 25,000 సామాన్లకు ఏ మూలకూ రాలేదు కానీ ఆ రోజుకు అది పెద్ద ఆసరా. బీరువా తలుపు తెరిస్తే గ్రాఫు కాగితం గుజ్జయి అంటుకుపోయింది. నోట్‌బుక్కుల్లో జెల్ పెన్‌తో రాసినదంతా నీలం మరక. పెన్సిల్‌తో రాసిన పదకొండు పేజీలు మాత్రం ఎండబెడితే చదవగలిగేలా ఉన్నాయి. వాటిని ఇస్త్రీపెట్టెతో ఆరబెట్టి దాచుకున్నాను.

సెప్టెంబరు 21, శనివారం క్యాబినెట్ మళ్లీ బిగించాం. ఆన్ అయింది. చివరిగా సేవ్ అయిన స్థితి నుంచి మొదలుపెట్టాను. కరెంటు ఇంకా నిలకడగా లేదు, గంటకోసారి పోయి వస్తోంది. యూపీఎస్ బ్యాటరీ తడిసి పోయింది. పోయినప్పుడల్లా చివరిగా సేవ్ అయిన స్థితి నుంచి మళ్లీ మొదలు. నాలుగోసారి మొదలుపెట్టి ఊరికే స్క్రీన్ చూస్తూ కూర్చున్నాను. చూడటానికి వేరే పని లేక చూశాను. మొదటి చక్రం మొదట్లో వేగాల శక్తి: 28541.3072.

ఈ అంకె నేను ఇంతకు ముందు చూశాను.

8×8×8×8 లాటిస్‌లో 4,096 బిందువులు. ఒక్కో బిందువుకు నాలుగు లింకులు (పక్క బిందువుతో కలిపే గీతలు), ఒక్కో లింకుకు మూడు వేగాలు, ఇంకా సిగ్మాకు, పైకి ఒక్కొక్కటి. మొత్తం 57,344 ర్యాండమ్ వేగాలు. వాటి శక్తి సగటున 28,672 రావాలి, అటూ ఇటూ 169 దాకా ఊగాలి. 28,541 రావడంలో విశేషం లేదు. కానీ నాలుగు దశాంశాల దాకా అదే అంకె రెండుసార్లు రావడం జరగని పని. లాగ్ ఫైళ్లన్నీ తెరిచి వెతికాను. జూన్ 14 నుంచి ఆగస్టు 31 దాకా కరెంటు పోయి నేను మళ్లీ మొదలుపెట్టిన సార్లు 41. నలభై ఒక్కసార్లూ మొదటి అంకె 28541.3072. రెండో చక్రం అంకె కూడా ఒకటే. మూడోదీ ఒకటే.

ఫీల్డులను సేవ్ చేశాను. ర్యాండమ్ నంబర్ల యంత్రం ఎక్కడి దాకా వచ్చిందో సేవ్ చేయలేదు. మొదలుపెట్టిన ప్రతిసారీ అది అదే సీడ్ (యంత్రానికి ఇచ్చే మొదటి అంకె) నుంచి, అవే అంకెలు, అదే వరసలో ఇచ్చింది. కరెంటు పోయినప్పుడల్లా నా లాటిస్‌కు అవే తోపులు మళ్లీ మళ్లీ తగిలాయి. ఒప్పుకునే శాతం బాగుంది. అడుగు పరీక్ష బాగుంది. వెనక్కి నడిచే పరీక్ష బాగుంది. వాటిలో ఏదీ దీన్ని పట్టుకునే పరీక్ష కాదు. మేలో ఎంతో భయపెట్టిన తప్పు జవాబును తాకనే లేదు. ఏ సూచనా ఇవ్వకుండా కూర్చున్న ఈ తప్పు రెండున్నర నెలల పనిని తినేసింది.

వరదకు నేను ఏడవలేదు. ఆ సాయంత్రం ఏడ్చాను. ఇంట్లో ఇంకా బురద వాసన పోలేదు, పాప స్కూలు పుస్తకాలు కొనాలి, అలాంటప్పుడు కంప్యూటర్‌లోని అంకెల కోసం ఏడుస్తున్నానేమిటని సిగ్గు కూడా వేసింది. అత్తయ్య వచ్చి పక్కన కూర్చున్నారు. "మళ్లీ చేయొచ్చా?" అని అడిగారు. చేయొచ్చన్నాను. "అయితే చేయమ్మా" అని లేచి వెళ్లారు.

ఆదివారం గైడ్ గారికి అంతా చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. ఆయనకూ దూకుడు మీద ఆశ ఉందని అప్పుడే తెలిసింది. ఆ డేటా మొత్తం పక్కన పెట్టేయమన్నారు, ఒక్క బిందువు కూడా ఉంచుకోవద్దన్నారు. కరెంటు ఒక్కసారి కూడా పోని రన్నులు మూడు ఉన్నాయి, వాటినైనా ఉంచుకుందామని బతిమాలాను. "ఏది ఉంచాలో జవాబు చూశాక ఎంచుకోకూడదు" అన్నారు. నాకు కష్టంగా అనిపించింది. ఇప్పటికీ ఆ మూడు మంచివే అని నమ్ముతాను, కానీ ఆయన చెప్పినట్టే చేశాను.

కొత్త యూపీఎస్‌కు మా ఆయన ఆటోనగర్ నుంచి పాత లారీ బ్యాటరీలు రెండు తెచ్చి కలిపారు. ఇప్పుడు మూడు గంటలు ఆగుతుంది. ప్రోగ్రామ్‌లో ర్యాండమ్ యంత్రం స్థితిని ఫీల్డులతో పాటే సేవ్ చేయించాను. ఇంకో పరీక్ష కూడా పెట్టాను, ఇది మాత్రం మొదలుపెట్టేవాళ్లందరూ పెట్టుకోండి: వంద చక్రాలు ఆపకుండా నడిపించండి. మళ్లీ అదే మొదటి స్థితి నుంచి యాభై దగ్గర ఆపి, తిరిగి మొదలుపెట్టి వంద దాకా నడిపించండి. రెండు లాగ్‌లు చివరి దశాంశం దాకా ఒకటే రావాలి. పావుగంట పని.

అక్టోబరు 6న కొత్త వరస మొదలైంది, దసరా సెలవుల్లో. డిసెంబరు 22కి 8×8×8×8 పూర్తయింది. హద్దు కిందికి దిగడం అలాగే ఉంది, పాతదానికంటే స్పష్టంగా. దూకుడు లేదు. ఆ బలం దగ్గర సర్దిన స్థితి నుంచి వచ్చిన రన్ను, చెదిరిన స్థితి నుంచి వచ్చిన రన్ను పదిహేడు వందల చక్రాల దగ్గర కలిశాయి, కలిసి ఉండిపోయాయి. గ్రాఫు నిటారుగా ఎక్కుతుంది, కానీ ఎక్కడా తెగదు. నాకు దిగులేసిందని దాచను. వరద వచ్చేదాకా బీరువా తలుపు మీద రోజూ చూసుకున్న బొమ్మ అది.

సంక్రాంతి తర్వాత 12×12×12×12. బిందువులు 20,736. చక్రానికి దాదాపు రెండు నిమిషాలు. పన్నెండు బలాలకు కుదరదు, హద్దు చుట్టూ ఐదు మాత్రం తీసుకున్నాను. ఒక్కో బలానికీ రెండు రన్నులు, ఒక్కోటి మూడు రోజుల పైనే. మధ్యలో పబ్లిక్ పరీక్షలు మళ్లీ వచ్చాయి, ఈసారి లెక్క ఆగలేదు, నేను పేపర్లు దిద్దుతుంటే అది తన పని చేసుకుంది. మార్చి 26న చివరి రన్ను ముగిసింది. ఐదింటిలో నాలుగు దగ్గర రెండు దారులూ కలిశాయి. ఐదోదాని దగ్గర రెండు వేల చక్రాలకూ కలవలేదు. దగ్గరవుతున్నాయి, కలవలేదు.

మార్చి 28న గ్రాఫు పంపాను. కింద నేనే రాశాను: ఐదో బిందువు గురించి ఏమీ చెప్పలేం, ఇంకా పొడవైన రన్ను కావాలి, 16×16×16×16 కావాలి. గైడ్ గారు ఆ వాక్యంలో ఒక్క అక్షరం మార్చలేదు. 65,536 బిందువుల లాటిస్ మా ఇంట్లో నడవదు, పెద్ద క్లస్టర్ మీద సమయం కోసం ఆయన పేరుతో దరఖాస్తు పెట్టాం. ఇది రాస్తున్న రోజుకు పందొమ్మిది రోజులైంది, ఇంకా జవాబు రాలేదు. ఈలోపు ఇంట్లో కంప్యూటర్ ఊరికే ఉండటం ఇష్టం లేక ఐదో బిందువును చివరి స్థితి నుంచి మళ్లీ నడిపిస్తున్నాను. ఈ పొద్దున మొదటి చక్రం అంకె చూశాను. 145 వేల చుట్టూ ఉన్న అంకె, ఇంతకు ముందు ఏ లాగ్‌లోనూ లేనిది.